మ్యాప్‌లో మా ఇల్లు వెనక వీధిలో ఎందుకు పడుతోంది?

బెంగళూరులో ఇల్లు మారాక మ్యాప్ ఒక్కోసారి మీ ఇంటిని వెనక వీధిలో, ఒక్కోసారి కిలోమీటర్ల అవతల చూపిస్తోందని, ఫోన్ పాడైందా అని అడిగారు. ఫోన్ బాగానే ఉండి ఉంటుంది. అవి రెండూ వేరువేరు జబ్బులు. మాకు రెండూ వచ్చాయి.

దూరంగా చూపించే జబ్బు ముందు. మేం బీటీఎం లేఔట్ నుంచి రామమూర్తి నగర్‌కి మారినప్పుడు నెట్ కనెక్షన్ మార్పించుకున్నాం కానీ రౌటర్ పాతదే తెచ్చుకున్నాం. ఒకరోజు ఇంట్లోంచే పనిచేస్తుంటే మధ్యాహ్నం మా ఆవిడ ఫోన్: "ఖాళీ చేసిన ఇంటికి మళ్లీ ఎందుకెళ్లారు? అడ్వాన్స్ కోసం ఓనర్‌తో గొడవేసుకుంటున్నారా?" చూస్తే, లొకేషన్ షేరింగ్‌లో నా నీలం చుక్క బీటీఎంలో ఉంది. నేనేమో కొత్తింట్లో ఇంకా విప్పని అట్టపెట్టెల మధ్య కూర్చుని పెరుగన్నం తింటున్నా.

తప్పంతా ఆ రౌటర్‌ది. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. వాటి సిగ్నల్ మన దాకా వచ్చేసరికి చాలా బలహీనపడుతుంది, శ్లాబ్ కింద కూర్చుంటే సరిగా అందదు. అప్పుడు ఫోన్ చుట్టుపక్కల వైఫైలను బట్టి అంచనా వేస్తుంది. ప్రతి రౌటర్‌కీ సొంత నంబర్ ఉంటుంది. ఏ నంబర్ ఎక్కడుందో, దారిన పోయే ఫోన్ల నుంచి తెలుసుకుని మ్యాప్ కంపెనీలు రాసిపెట్టుకుంటాయి. వాళ్ల చిట్టాలో మా రౌటర్ ఇంకా బీటీఎంలోనే కాపురం ఉంది. పక్కన అప్పుడే కడుతున్న బిల్డింగ్ కాబట్టి, కాదని చెప్పే ఇరుగుపొరుగు వైఫైలూ లేవు. మేడెక్కితే చుక్క రామమూర్తి నగర్‌కి వచ్చేది, దిగితే మళ్లీ పాతింటికి పోయేది. కొన్ని వారాలకు దానంతటదే సర్దుకుంది.

ల్యాప్‌టాప్‌లో ఏకంగా వేరే ఊరు చూపిస్తే మాత్రం పట్టించుకోకండి. అది ఐపీ అడ్రస్‌ని, అంటే నెట్‌లో మన కనెక్షన్‌కి ఉండే నంబర్‌ని బట్టి వేసే లెక్క. ఆఫీసు వీపీఎన్ (మన నెట్‌ని ఆఫీసు సర్వర్ మీదుగా పంపే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే ఆ సర్వర్ ఎక్కడుంటే మీరూ అక్కడే. అమెరికాలో ఓ ఐపీ డేటాబేస్, 'దేశంలో ఎక్కడో తెలియదు' అన్న కోట్ల అడ్రస్‌లన్నిటికీ దేశం నడిమధ్య ఒకే బిందువు రాసేసింది. అది కాన్సాస్‌లో ఓ పొలం దగ్గర పడింది. దొంగ మెయిళ్లు ఎవరు పంపినా పోలీసులు ఆ పొలంవాళ్ల తలుపే కొట్టేవారట. 2016లో ఆ సంగతి బయటపడింది.

ఇక వెనక వీధి. ఇది మా అమ్మకి తగిలింది. మదనపల్లె బస్సులో వచ్చి, తెల్లవారుజామున కె.ఆర్.పురంలో దిగి, నేను వాట్సాప్‌లో పంపిన లొకేషన్ ఆటో అతనికి చూపించింది. అతను వెనక సందులో ఆపి "బందాయ్తు అమ్మా" (వచ్చేశాం అమ్మా) అన్నాడు. ఎదురుగా ఎనిమిదడుగుల గోడ. గోడ మీంచి మా మునగచెట్టు, దాని వెనక తీగ మీద ఆరేసిన నా లుంగీ కనిపిస్తున్నాయి. తలుపు మాత్రం లేదు. చేతిలో ఊరగాయ జాడీ. "ఒరే, నీ లుంగీ కనపడతాంది, ఇల్లు కనపడలేదు" అని ఫోన్ చేసింది.

ఆ లొకేషన్ నేను వంటింట్లో నిలబడి పంపింది. ఆరుబయట మామూలు ఫోన్ లెక్క సుమారు 5 మీటర్ల లోపు ఉంటుంది. ఇంట్లో, ఎత్తైన గోడల మధ్య, సిగ్నల్ తగిలి తిరిగి రావడంతో అది ఇంకా జారుతుంది. అసలు ఫోన్ కొలిచేది సిగ్నల్ వచ్చిన సమయాన్నే. సెకనులో పది లక్షలో వంతు తేడా వస్తే 300 మీటర్ల తేడా. పైగా మ్యాప్ దారి చూపించేది ఇంటికి కాదు, పిన్‌కి (మ్యాప్ మీద పెట్టిన గుర్తుకి) దగ్గరున్న రోడ్డుకి. మధ్యలో ప్రహరీ ఉందని దానికెవరు చెప్పారు?

అడ్రస్ టైప్ చేసి 'హోమ్' పెట్టుకుంటే ఇంకో తంటా. మన బెంగళూరులో ఏ లేఔట్‌కి వెళ్లినా ఒక మొదటి మెయిన్, ఒక నాలుగో క్రాస్ ఉంటాయి. ఇంటికి పాత నంబర్ ఒకటి, కొత్త నంబర్ ఒకటి. డోర్ నంబర్ దొరక్కపోతే మ్యాప్ పిన్‌ని రోడ్డు మధ్యలోనో ఏరియా మధ్యలోనో పడేసి ఊరుకుంటుంది.

నేను చేసింది చెప్తా. గేటు బయట, నెత్తిన ఆకాశం కనిపించేచోట నిలబడి, అర నిమిషం ఆగాను. వాట్సాప్‌లో లొకేషన్ పంపేటప్పుడు కింద ఇన్ని మీటర్ల వరకు సరైనదని చూపిస్తుంది. అది బాగా తగ్గాక పంపి, ఆ మెసేజ్‌కి స్టార్ పెట్టుకున్నా. 'హోమ్' పిన్‌నీ చేత్తో జరిపి గేటు మీద పెట్టా. ఫోన్ సెట్టింగ్స్‌లో మ్యాప్ యాప్‌కి 'ప్రిసైజ్ లొకేషన్' ఆన్‌లో ఉందో లేదో కూడా చూడండి, అది ఆఫ్‌లో ఉంటే ఏం చేసినా వృథా.

తపాలా శాఖ 2025లో తెచ్చిన డిజిపిన్ కూడా ఉంది. ఐఐటీ హైదరాబాద్, ఇస్రోవాళ్ల రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీలతో కలిసి చేశారు. దేశం మొత్తాన్ని సుమారు 4 మీటర్ల గళ్లుగా విడదీసి, ఒక్కో గడికి పది అక్షరాల కోడ్ ఇచ్చారు. బాగానే ఉంది కానీ, ఆ కోడ్ చెప్తే మా ఆటోవాళ్లు నా మొహం చూస్తున్నారు.

ఒకటి మర్చిపోకండి: ఒక యాప్‌లో మార్చినంత మాత్రాన మిగతావాటిలో మారదు. క్యాబ్, టిఫిన్, కూరగాయలు, ఏ యాప్‌కి ఆ యాప్ అడ్రస్ విడిగా దాచుకుంటుంది. నేను అన్నీ మార్చాననుకున్నా. మొన్న కూరగాయల అబ్బాయి వెనక సందులోంచి "సార్, మునగచెట్టు ఇల్లేనా?" అని కేకేశాడు.