ఎడమకు ఒరిగిన లారీ

మిర్యాలగూడ

అల్లుడూ,

మొన్న రాత్రి నువ్వు ఫోన్ చేసినప్పటి నుంచి నీ బండి గురించే ఆలోచిస్తున్నా. కొని నెల కూడా కాలేదు, ఖాళీగా నిలబెట్టినా ఎడమ పక్కకు కుంగినట్టు కనిపిస్తోందన్నావు. ఎడమ వెనక కమాన్ కట్టలో, అంటే బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులో, ఇంకో పట్టీ వేస్తే లేస్తుందని మెకానిక్ అన్నాడట, సోమవారం వేయిస్తానన్నావు. వేయించకు. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావని కూర్చొని రాస్తున్నా.

నా రెండో లారీ కూడా ఇలాగే ఎడమకు ఒరిగింది. నేనూ ఇలాగే ఒక పట్టీ ఎక్కువ వేయించాను. బండి చక్కగా లేచి నిలబడింది, సంతోషపడ్డాను. నాలుగు నెలలు వాడపల్లి సిమెంటు, ఇక్కడి మిల్లుల బియ్యం తోలాను. ఒక రాత్రి బియ్యం లోడుతో తిప్పర్తి దాటాక వెనక ఎడమ కమాన్‌ను పట్టుకునే బ్రాకెట్ ఛాసిస్ (బండి కింది ఇనుప చట్రం) రేకుతో సహా చీలి ఊడింది. వెనక ఇరుసు ఉండే హౌసింగ్ ఒక పక్క వెనక్కి జరిగి టైర్లు బాడీకి రాసుకుని ఆగిపోయాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదే పదివేలు. తెల్లారి చూస్తే ఛాసిస్ మీద పగులు కొత్తది కాదు, లోపలంతా తుప్పు పట్టి నల్లబడి ఉంది. అంటే బండి ఒరిగి చూపించింది ఆ పగులునే. నేను పట్టీ వేసి దాన్ని కప్పేశాను, పైగా అక్కడే ఇంకా బలం మోపాను. అందుకే నీకు ఇంత గట్టిగా చెబుతున్నా: ఎక్కడ కుంగిందో కొలిచి తెలుసుకోకుండా ఒక్క బోల్టు కూడా విప్పించకు.

ముందు బండిని ఎక్కడ నిలబెట్టి చూశావో ఆలోచించు. రోడ్డు మీద చూస్తే ప్రతి బండీ ఎడమకే ఒరిగి కనిపిస్తుంది. వాన నీళ్లు పోవడానికి తారు రోడ్డుకు అడ్డంగా రెండు, రెండున్నర శాతం వాలు ఇస్తారు. లారీ చక్రాల మధ్య రెండు మీటర్ల వెడల్పు అనుకో, ఆ లెక్కన ఎడమ చక్రం కుడిదానికంటే నాలుగైదు సెంటీమీటర్లు కిందే ఉంటుంది. మిల్లు కళ్లం కూడా నమ్మకు, దానికీ నీళ్లు జారే వాలు ఉంటుంది. తెలిసిన మిల్లులో కాంటా మీద పది నిమిషాలు నిలబెట్టనిమ్మని అడుగు, ఆ పలక చదునుగా ఉంటుంది. అది కుదరకపోతే మేస్త్రీలు గోడలకు వాడే నీళ్ల పైపు తెచ్చి నేల లెవెల్ చూసుకో. ఇంకో సులువు కూడా ఉంది. ఒకచోట కొలిచాక బండిని తిప్పి, అదే చోట మూతి ఎదురు దిక్కుకు పెట్టి మళ్లీ కొలువు. ఒరుగుడు కుడి పక్కకు మారితే తప్పు నేలది. ఎడమకే ఉంటే బండిది.

కొలిచేటప్పుడు బండి ఖాళీగా ఉండాలి. డీజిల్ ట్యాంక్ ఏ పక్కన ఉందో చూడు. రెండొందల లీటర్ల డీజిల్ అంటే నూట అరవై కిలోల పైనే. స్టెప్నీ, బ్యాటరీలు, టూల్ బాక్సు కూడా అదే పక్కన ఉంటే కొద్ది తేడా సహజమే. ఒక వేలు వెడల్పు తేడాకు నేను ఎన్నడూ కంగారు పడలేదు. రెండు వేళ్లు దాటితే వెతకాలి.

టైర్ల సంగతి త్వరగా తేలిపోతుంది. అన్నింటికీ గాలి చూపించు. వెనక జోడు టైర్లలో లోపలిది దిగిపోయినా బయటిది మోస్తూ ఉంటుంది, కంటికి తెలియదు. ఒక పక్క కొత్త టైర్లు, ఇంకో పక్క అరిగినవి ఉంటే అక్కడే ఒక సెంటీమీటరు, ఒకటిన్నర తేడా వస్తుంది. సెకండ్ హ్యాండ్ బండి కాబట్టి సైజులు కూడా చదువు.

ఇప్పుడు అసలు పని. టేపు, సుద్దముక్క, నోటుబుక్కు తీసుకో. ఒక్కో మూల దగ్గర రెండు కొలతలు తీయాలి. మొదటిది నేల నుంచి చక్రం మధ్యలో ఉండే హబ్ నడిమధ్యకు. రెండోది హబ్ నడిమధ్య నుంచి నిటారుగా పైన ఉన్న ఛాసిస్ కింది అంచుకు. మొదటి దాంట్లో తేడా వస్తే టైరు, గాలి. రెండో దాంట్లో వస్తే కమాన్, బ్రాకెట్. బాడీకి, క్యాబిన్‌కు మాత్రం టేపు పెట్టకు. క్యాబిన్ కింద రబ్బర్లు నలిగినా, బాడీ కింది దూలం చితికినా పైన ఒరిగినట్టే ఉంటుంది, కింద ఛాసిస్ మాత్రం నిక్షేపంగా ఉంటుంది. విజయవాడ ఆటోనగర్‌లో కట్టిన మంచి బాడీలే పాతబడి ఒక పక్కకు దిగడం నేను చూశాను. ఛాసిస్ సమానంగా ఉండి బాడీ ఒక్కటే వంగితే నీ అదృష్టం, అది వడ్రంగి పని.

ఎనిమిది అంకెలు రాసుకున్నాక తొందరపడి తక్కువ వచ్చిన మూలే తప్పు అనుకోకు. నులక మంచానికి ఒక కోడు పొట్టిదైతే ఏమవుతుంది? ఆ ఒక్క మూలే దిగదు, మంచం మొత్తం మెలిపడుతుంది. లారీ కూడా అంతే. వెనక ఎడమ కమాన్ కుంగితే ముందు ఎడమ కూడా కొంచెం దిగుతుంది, ముందు కుడి లేస్తుంది. ముందు కమాన్లు విప్పి బాగు చేయించి, బండి అలాగే ఉందని ఏడ్చినవాళ్లను చూశాను. తేల్చుకోవడానికి షెడ్డులో ఈ పరీక్ష చేయించు. ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టండి. వెనక క్రాస్ మెంబర్ (ఛాసిస్ అడ్డ దూలం) నడిమధ్యలో జాకీ పెట్టి, వెనక కమాన్ల మీద బరువు తేలిపోయేదాకా మెల్లగా లేపండి. ఇప్పుడు వెనక భాగం ఒక్కచోటే ఆని ఉంది కాబట్టి ముందు భాగాన్ని ఏ పక్కకూ లాగలేదు. ముందు ఎడమ, కుడి సమానమైతే రోగం వెనక ఉన్నట్టు. అప్పుడు కూడా ఎడమకే ఉంటే ముందు కమాన్లు చూడాలి. జాకీ ఒక్కదాని మీదే ఉన్న బండి కిందకు నువ్వు గానీ, క్లీనర్ గానీ తల పెట్టొద్దు. ఛాసిస్ కింద రెండు పక్కలా గట్టి చెక్క దిమ్మెలు ఉండాలి. ఈ ఒక్క విషయంలో ఎవరు తొందరపెట్టినా వినకు.

కమాన్ దగ్గరికి వచ్చాక ముందు పట్టీలు లెక్కపెట్టు. కుడికి ఎన్ని, ఎడమకు ఎన్ని? మందం ఒకటేనా? పాత ఓనరు ఒక పక్కే మార్పించి ఉండొచ్చు. అప్పుడు ఎడమ కుంగలేదు, కుడి కొత్తది కాబట్టి లేచి ఉంది. తర్వాత కిరోసిన్ వేసి ఇనుప బ్రష్‌తో మట్టి, గ్రీజు పూర్తిగా కడిగి, టార్చి వేసి ఒక్కో పట్టీ అంచు వెంట చూడు. పట్టీల సందులోంచి ఎర్రటి తుప్పు పొడి రాలుతున్న చోట అనుమానించు. పట్టీ ఎక్కువగా కట్టను మధ్యలో కలిపే సెంటర్ బోల్ట్ రంధ్రం దగ్గరే విరుగుతుంది, ఎందుకంటే అక్కడ రంధ్రం వల్ల ఇనుము తక్కువ. ఆ చోటు, కట్టను ఇరుసుకు బిగించే యూ బోల్టుల కింద పలక చాటున ఉంటుంది. పైకి రెండు కొసలూ బాగానే కనిపిస్తాయి, మధ్యలో రెండు ముక్కలై ఉంటుంది. కట్ట విప్పితే గానీ బయటపడదు.

విప్పకముందే లోడు చెప్పే సాక్ష్యం ఒకటుంది. ఖాళీ మీద ఒరుగుడు ఎంతో రాసుకో, సమానంగా లోడు వేసి మళ్లీ రాసుకో. లోడుతో పాటు ఒరుగుడు పెరిగితే ఆ పక్క కమాన్ బలం తగ్గింది, పట్టీ విరిగి ఉండాలి. ఖాళీ మీదా లోడు మీదా దాదాపు అంతే ఉంటే పట్టీలు బతికే ఉన్నాయి, వంపు మాత్రం చచ్చింది. లేదంటే తప్పు బ్రాకెట్, షాకిల్ (కమాన్ కొసను ఛాసిస్‌కు కలిపే ఊగే లింకు) బుష్, ఛాసిస్‌లలో ఉంటుంది. ఖాళీ మీద సరిగ్గా నిలబడి లోడు మీదే ఒరిగితే ముందు హమాలీలు బస్తాలు ఎలా వేస్తున్నారో నిలబడి చూడు. ఒకే తలుపు నుంచి ఎక్కించేటప్పుడు ఆ పక్క రెండు వరుసలు ఎక్కువ పడతాయి. యాభై కిలోల బస్తాలు ఇరవై ఎక్కువైతే టన్ను.

షాకిల్ చూడటం మరిచిపోకు. కుంగిన కమాన్ పొడవు సాగుతుంది కాబట్టి ఆ పక్క షాకిల్ ఎక్కువ వాలి ఉంటుంది. రెండు పక్కల వాలు పోల్చి చూడు. గ్రీజు అందక తుప్పుతో బిగుసుకుపోయిన షాకిల్ కమాన్‌ను కదలనివ్వదు, అప్పుడు ఆ పక్క ఎత్తుగా నిలబడి రెండో పక్క కుంగినట్టు కనిపిస్తుంది. రెండు పక్కలా ముందు హబ్ నుంచి వెనక హబ్‌కు దూరం కూడా కొలువు. తేడా గట్టిగా ఉంటే సెంటర్ బోల్ట్ తెగి యాక్సిల్ జరిగినట్టే, బండి రోడ్డు మీద అడ్డంగా నడుస్తూ ఉంటుంది. షాక్ అబ్జార్బర్లు మారిస్తే బండి లేస్తుందని ఎవరైనా అంటే నమ్మకు. అవి ఊపును ఆపుతాయి, బరువు మోసేది కమాన్.

చివరగా ఛాసిస్. నా బండిని దెబ్బతీసింది ఇదే కాబట్టి నువ్వు అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడే పెట్టు. బ్రాకెట్ల చుట్టూ, రివిట్ల చుట్టూ శుభ్రంగా తుడిచి కిరోసిన్ రాయి. కాసేపు ఆగి పొడిగా తుడిచేసి, పైన సుద్ద పూయి. పగులు ఉంటే లోపలికి దిగిన కిరోసిన్ ఊరి తెల్లటి సుద్ద మీద తడి గీత లాగా కనిపిస్తుంది. రివిట్ తల చుట్టూ తుప్పు వలయం ఉన్నా, పెయింట్ చిట్లినా అది వదులైనట్టే.

కమాన్‌దే తప్పని తేలితే ఒకే యాక్సిల్‌కు రెండు పక్కలా మార్పించు, ఒక పక్క వద్దు. విరిగిన పట్టీని వెల్డింగ్ చేయించకు, ఆ వేడికి స్ప్రింగు ఉక్కు గుణం పోతుంది, పక్కనే మళ్లీ విరుగుతుంది. సమ్మెటతో కొట్టి వంపు ఎక్కించిన పట్టీలు కొన్ని ట్రిప్పులకే మళ్లీ పడుకుంటాయి, నాకు వాటి మీద నమ్మకం లేదు. యూ బోల్టులు కొత్తవి వేయించు, బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడు ఎదురెదురుగా బిగించమను. మొదటి లోడు ట్రిప్పు అయ్యాక మళ్లీ బిగింపు తప్పనిసరి, కొత్త పట్టీలు సర్దుకుని బోల్టులు వదులవుతాయి.

బరువు సంగతి కూడా ఒక మాట. 2018లో రెండు యాక్సిళ్ల లారీకి మొత్తం బరువు పరిమితిని 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు పెంచారు. నీ బండి అంతకు ముందుది. రూలు మారింది కానీ నీ ఛాసిస్, కమాన్ మారలేదు. నీ ఆర్సీలో ఎంత రాసి ఉందో అంతే నీ లెక్క. వడ్ల సీజన్‌లో పక్కవాడు ఎక్కువ వేస్తున్నాడని నువ్వు వేయకు. ఊరి రోడ్ల మీద ఎదురు బండికి దారి ఇస్తూ ప్రతిసారీ మట్టిలోకి దిగేది ఎడమ చక్రాలే, అధిక లోడు దెబ్బ ముందు ఆ పక్కే తగులుతుంది.

నకిరేకల్‌లో సోమవారం ఎలాగూ లోడు లేదన్నావు. ఆ రోజు కొలతలు తీసి, నోటుబుక్కు పేజీ ఫోటో తీసి నాకు పంపు. ఎడమ వెనక బ్రాకెట్ దగ్గర సుద్ద పూసిన ఫోటో కూడా కావాలి. అందులో గీత కనిపిస్తే బండిని అక్కడి నుంచి కదిలించకు, నేనే మొదటి బస్సుకు వస్తా.

మీ అమ్మకు చెప్పి టెన్షన్ పెట్టకు.

మీ మామ