ఎడ్జ్ జర్మనీలో పోతుంది, ఇక్కడ ఎందుకు పోదు?

ప్రశ్న: విండోస్ 11లో ఫైర్‌ఫాక్స్‌ను డిఫాల్ట్ బ్రౌజర్‌గా పెట్టుకున్నాను. అయినా స్టార్ట్ మెనూలో ఏదైనా వెతికితే మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ ఎడ్జే తెరుచుకుంటోంది. తీసేద్దామంటే అన్‌ఇన్‌స్టాల్ బటన్ పనిచేయట్లేదు. జర్మనీలో ఉంటున్న మా అక్క మాత్రం తన ల్యాప్‌టాప్‌లో తీసేసింది. నాకెందుకు కుదరదు?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీ అక్కగారి దగ్గరున్నదీ ఇదే విండోస్. తేడా అంతా చట్టంలో ఉంది. పెద్ద టెక్ కంపెనీల పెత్తనానికి కళ్లెం వేసే ఐరోపా సమాఖ్య డిజిటల్ మార్కెట్స్ చట్టాన్ని ఆ కంపెనీలు 2024 మార్చి నుంచి పాటించాల్సి వచ్చింది. అందుకే అక్కడి కంప్యూటర్లలో ఎడ్జ్‌ను తీసేసే వీలు మైక్రోసాఫ్ట్ కల్పించింది. మీరిప్పుడు సెట్టింగ్స్‌లో దేశాన్ని జర్మనీగా మార్చినా లాభం లేదు. కంప్యూటర్‌ను మొదట సెటప్ చేసినప్పుడు ఎంచుకున్న దేశాన్నే విండోస్ గుర్తుపెట్టుకుంటుంది. అది మారాలంటే రీసెట్ చేయాల్సిందే.

ఐరోపా ఈ విషయంలో పట్టు వదలకపోవడానికి కారణముంది. బ్రౌజర్‌ను ఎంచుకునే తెరను 2010 నుంచి చూపిస్తామని మైక్రోసాఫ్ట్ మాటిచ్చింది. విండోస్ 7 సర్వీస్ ప్యాక్ 1లో ఆ తెర మాయమైంది. ఫలితం, 2013లో 56.1 కోట్ల యూరోల జరిమానా. మన కాంపిటీషన్ కమిషన్ కూడా 2022లో గూగుల్‌కు రూ.1,337.76 కోట్ల జరిమానా వేసింది కానీ, అది ఆండ్రాయిడ్ ఫోన్ల సంగతి. విండోస్‌కు వర్తించదు. కొనుక్కున్న కంప్యూటర్‌లో ఏది ఉండాలో ఎంచుకునే హక్కు మనకూ ఉండాలన్నదే నా అభిప్రాయం.

అంతదాకా ఇలా చేయండి. సెట్టింగ్స్‌లో యాప్స్, డిఫాల్ట్ యాప్స్‌కు వెళ్లి ఫైర్‌ఫాక్స్‌ను నొక్కి, పైనున్న ‘సెట్ డిఫాల్ట్’ బటన్ వాడండి. పీడీఎఫ్ ఇంకా ఎడ్జ్‌లోనే తెరుచుకుంటే, అదే పేజీలో కిందికి వెళ్లి దాన్ని విడిగా మార్చాలి.

స్టార్ట్ మెనూలో కనిపించే వెబ్ ఫలితాలు డిఫాల్ట్ బ్రౌజర్‌ను పట్టించుకోవు, నేరుగా ఎడ్జ్‌నే పిలుస్తాయి. కాబట్టి ఆ ఫలితాలే రాకుండా చేయాలి. ప్రో ఎడిషన్ అయితే గ్రూప్ పాలసీ ఎడిటర్ (విండోస్ లోపలి సెట్టింగ్స్‌ను మార్చే సాధనం) తెరవండి. యూజర్ కాన్ఫిగరేషన్, అడ్మినిస్ట్రేటివ్ టెంప్లేట్స్, విండోస్ కాంపోనెంట్స్, ఫైల్ ఎక్స్‌ప్లోరర్ వరుసలో వెళ్లి ‘టర్న్ ఆఫ్ డిస్‌ప్లే ఆఫ్ రీసెంట్ సెర్చ్ ఎంట్రీస్’తో మొదలయ్యే పాలసీని ఎనేబుల్ చేసి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. పేరు చూస్తే సంబంధం లేనట్టుంటుంది గానీ, వెబ్ ఫలితాలను ఆపేది ఇదే.

ఎడ్జ్ వెనకాల నడుస్తూ మెమరీ తినకుండా, దాని సెట్టింగ్స్‌లో ‘స్టార్టప్ బూస్ట్’ ఆపేయండి.

ఎడ్జ్‌ను బలవంతంగా పీకేస్తామనే స్క్రిప్టుల జోలికి మాత్రం దయచేసి వెళ్లొద్దు. వాటిలో కొన్ని వెబ్‌వ్యూ2ను (ఇతర యాప్‌ల లోపల వెబ్ పేజీలను చూపించే మైక్రోసాఫ్ట్ భాగం) కూడా తుడిచేస్తాయి. కొత్త అవుట్‌లుక్, టీమ్స్ దాని మీదే నడుస్తాయి, అది పోతే అవి తెరుచుకోవు. పైగా తర్వాతి అప్‌డేట్‌తో ఎడ్జ్ మళ్లీ వచ్చి కూర్చోవచ్చు.