లైనర్ వేసిన కుంటకి అంచు రాళ్లు కదలకుండా ఎలా పెట్టాలి

అన్నా, మీరు రాసినదాన్ని బట్టి పెరట్లో కుంటకి లైనర్‌గా నల్ల షీట్ పరిచి, దాని అంచు మీదే సిమెంట్ పెట్టి కడప రాళ్లు అతికించారు, ఇప్పుడేమో కాలు పెడితే రాయి కదులుతోంది, ఒకటి నీళ్లలోకి జారింది కూడా. ఇందులో మేస్త్రీని తిట్టి లాభం లేదు, ఆ నల్ల హెచ్‌డీపీఈ (ఒక రకం ప్లాస్టిక్) షీట్‌కి సిమెంట్ అసలు పట్టదు, సిలికాన్ కూడా అంతే, ఆరాక తొక్కలా ఊడొచ్చేస్తుంది. అతికించే ఆలోచన మానేయండి, రాయి తన బరువు మీద తనే కూర్చోవాలి.

రాళ్లు తీసేసి, షీట్ వెనక్కి మడిచి, గట్టు చుట్టూ అడుగు వెడల్పు తవ్వి దిమ్మిసతో గట్టిగా కొట్టించి 4 అంగుళాల కాంక్రీట్ బెడ్ వేయించండి. అది గట్టిపడ్డాక షీట్‌ని దాని మీదుగా తెచ్చి, పైన జియోటెక్స్‌టైల్ గుడ్డ (షీట్ కోసుకుపోకుండా వేసే మందపాటి సింథటిక్ గుడ్డ), లేదంటే పాత కార్పెట్ ముక్కలు, ఆపైన మాలు, దాని మీద రాయి. 12 అంగుళాల రాయైతే 10 అంగుళాలు బెడ్ మీదే ఉండాలి, నీళ్ల వైపు 2 అంగుళాలు బయటికొస్తే షీట్ మీద ఎండ పడకుండా ఆ మాత్రం చాలు. షీట్ చివర మాత్రం రాయి వెనకాల పైకి నిలబెట్టండి, మట్టిలో కలిపేశారంటే ఆ మట్టి నీళ్లు పీల్చేస్తూ ఉంటుంది, లెవెల్ తగ్గుతుంటే మీరు లీకేజీ అనుకుని షీట్ అంతా వెతుక్కుంటారు. రాళ్ల వాలు కుంట నుంచి బయటికి పెట్టించండి, లేకపోతే వానకి బురదంతా లోపలికే.

చేపలు అప్పుడే వదలొద్దు, పచ్చి సిమెంట్‌లోంచి సున్నం దిగి నీళ్ల పీహెచ్ (క్షారగుణం) పెరుగుతుంది. క్యూరింగ్ అయ్యాక ఆ నీళ్లు పారబోసి కొత్తవి నింపి, అక్వేరియం షాపులో దొరికే కిట్‌తో పీహెచ్ చూసుకుని 8.5 లోపు ఉంటేనే వదలండి.