లాటిన్ పూజ కోసం మేత్రాణులవారికి ఉత్తరం రాసే ముందు

యేసునందు ప్రియమైన అల్లుడికి, మామయ్య దీవించి రాసేది.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఉత్తరం రెండుసార్లు చదివాను. నాలుగు పేజీలు. మీ విచారణలో (పారిష్‌లో) ఆదివారం లాటిన్ పూజ, అంటే నా చిన్నప్పటి పాత పద్ధతి పూజ, ఆపేశారన్న బాధ మొదటి పేజీలోనే తెలిసిపోయింది. మిగతా మూడు పేజీల్లో మీ మేత్రాణులవారిని (బిషప్‌గారిని), వెనకటి పోపు ఫ్రాన్సిస్‌గారిని, పూజ పద్ధతిని మార్చమన్న 1960ల నాటి రెండో వాటికన్ మహాసభని వరసగా బోనెక్కించావు. అంతా చదివాక కూడా మేత్రాణులవారిని మీరు ఏం చెయ్యమంటున్నారో నాకు దొరకలేదు.

నాకు లాటిన్ మీద పగేమీ లేదు. 1962లో నాకు పదేళ్ళు, పూజలో ఫాదర్‌గారికి సాయం చేసేవాణ్ణి. మీ తాతయ్య ఉపదేశి (ఊళ్ళో జ్ఞానోపదేశం చెప్పేవాడు) కదా, జవాబులన్నీ తెలుగు అక్షరాల్లో రాసిచ్చి బట్టీ పట్టించాడు. ఫాదర్‌గారు 'ఇంత్రొయీబో ఆద్ అల్తారె దేయి' అనగానే నేను 'ఆద్ దేవుమ్ క్వీ లేతీఫికాత్ యువెంతూతెమ్ మేఅమ్' అనాలి. ఒక్క ముక్క అర్థం తెలిస్తే ఒట్టు. ఇప్పటికీ నిద్రలేపి అడిగినా చెబుతాను.

తర్వాత తెలుగు పూజ వచ్చింది. 1969లో మన దేశానికని రోము (పోపుగారి కార్యాలయం) పన్నెండు మార్పులకు అనుమతిచ్చింది. చెప్పులు బయట విడవొచ్చు, కింద కూర్చోవచ్చు, మోకాలు వంచే బదులు చేతులు జోడించవచ్చు, హారతివ్వొచ్చు. మా ఊళ్ళో 'ఇది చర్చా, గుడా' అని పెద్ద గొడవ. మీ తాతయ్య కోపంతో అప్పటి మేత్రాణులవారికి ఆరు పేజీల ఉత్తరం పంపాడు. జవాబు లేదు. ఏడాది పోయాక మళ్ళీ రాశాడు, అయిదే వాక్యాలు: మా ముసలివాళ్ళు మోకాళ్ళ మీదే సత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తీసుకుంటామంటున్నారు, దయచేసి ఒప్పుకోండి అని. పది రోజుల్లో సరేనని కార్డు వచ్చింది. ఆ మొదటి ఉత్తరం సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు నీ సంగతి. 2007లో అప్పటి పోపు బెనెడిక్ట్‌గారు పాత లాటిన్ పూజకు తలుపు బాగా తెరిచారు. విచారణ గురువే ఒప్పుకుంటే చాలు. 2021 జూలై 16న ఫ్రాన్సిస్‌గారు దాన్ని మార్చి పెత్తనం మేత్రాణులకిచ్చారు, విచారణ గుడుల్లో వద్దన్నారు. 2023 ఫిబ్రవరిలో ఇంకో ముడి పడింది. విచారణ గుడిలోనే చెయ్యాలంటే మేత్రాణులవారు కూడా రోము అనుమతి తెచ్చుకోవాలి. అంటే నువ్వు ఆయన చేతిలో లేనిదాన్ని ఆయన్ని అడుగుతున్నావు. 'మా తరఫున రోముకు రాయండి' అని అడుగు. లేదా విచారణ గుడి కాని ఏదైనా చాపెల్ చూపించమని అడుగు.

రెండో పేజీలో 'కొత్త పూజ చెల్లదు' అన్న వాక్యం ఉంది చూడు, అది కొట్టెయ్యి. మర్యాద కోసం చెప్పడం లేదు. 2021 ఆదేశంలోనే, పాత పూజ కోరేవాళ్ళు కొత్తదాని చెల్లుబాటును కాదనకూడదు, అది మేత్రాణులు చూసుకోవాలి అని ఉంది. మీరు కాగితం మీద కాదన్నాక ఆయన ఇవ్వాలనుకున్నా ఇవ్వలేరు. మీలో ఎవరైనా నిజంగానే అలా నమ్మితే, వాళ్ళ సంతకం వద్దు.

అడిగే హక్కు మీకుంది. తిరుసభ (కథోలిక సంఘం) చట్టం 212వ కానన్ (సెక్షన్) చదువు, గౌరవంగా మన అభిప్రాయం కాపరులకు చెప్పుకోవచ్చని ఉంది. మహాసభని తిట్టే ముందు దాని ఆరాధన పత్రం కూడా చదువు (1963 డిసెంబరు). 36వ భాగంలో లాటిన్ నిలుపుకోవాలని, 116వ భాగంలో గ్రెగోరియన్ గానానికి (పాత లాటిన్ గుడి పాటలకు) మొదటి స్థానమని రాశారు. అంటే కొత్త పూజనే లాటిన్‌లో, ఆ పాటలతో, చెయ్యమని అడగొచ్చు. దానికి రోము దాకా పోనక్కర్లేదు. పాతది ఇవ్వకపోతే ఇదైనా ఇమ్మని రెండో కోరికగా పెట్టు. నీకు నచ్చదని తెలుసు. నాకైతే సగం ప్రాణం అక్కడే లేచొస్తుంది.

మీవాళ్ళలో ఒకాయన పదో భక్తినాథుని సంఘానికి (పాత పూజే పట్టుకున్న ఎస్.ఎస్.పి.ఎక్స్.కి) వెళ్ళిపోదామంటున్నాడన్నావు. దాన్ని పెట్టిన ఆర్చిబిషప్ లెఫెవ్‌ర్‌గారి బాధ నాకు అర్థమవుతుంది. కానీ 1988 జూన్ 30న పోపుగారి అనుమతి లేకుండా నలుగురిని మేత్రాణులుగా అభిషేకించాక ఆయన మీదా, ఆ నలుగురి మీదా వెలి పడింది. 2009లో ఆ నలుగురి మీద శిక్ష ఎత్తేశారు, తగువు మాత్రం తీరలేదు. కోపంలో ఉండగా అలాంటి అడుగు వెయ్యకండి. కేరళలో ఎర్నాకుళంలో చూశాంగా, పూజలో ఫాదర్‌గారు ప్రజల వైపు తిరగాలా, పీఠం వైపా అన్న గొడవలో 2022 క్రిస్మస్‌కి అక్కడి పెద్ద గుడి బసిలికాలోనే తోపులాట. అక్కడ పట్టుబట్టింది ప్రజల వైపు తిరగాలన్నవాళ్ళులే.

సంతకాలు వందలు అక్కర్లేదు. ప్రతి ఆదివారం వచ్చిన కుటుంబాలు, పిల్లలు ఎంతమందో, ఎంత దూరం నుంచి వస్తారో రాయి. ఉత్తరం ఫేస్‌బుక్‌లో పెట్టకు. ముందు మీ విచారణ గురువుకు చూపించు, ఆయనకూ టెన్షన్ ఉంటుంది. ఈ లోపు తెలుగు పూజకో ఇంగ్లీషు పూజకో పిల్లల్ని తీసుకెళ్ళడం మానకు. అక్క ఫోన్‌లో ఏడ్చింది.

మళ్ళీ రాసి పంపు. ఒక పేజీ దాటితే నేను చదవను.

మీ మామయ్య