గడ్డ కరిగించే మందుకి జ్ఞాపకశక్తితో ఏం పని?

ప్రశ్న: మా నాన్నగారికి పక్షవాతం వస్తే గంటన్నరలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. రక్తపు గడ్డ కరగడానికి టీపీఏ ఇంజెక్షన్ ఇచ్చారు, ఇప్పుడు నడుస్తున్నారు. ఆ టీపీఏ మన మెదడులోనే తయారవుతుందనీ, జ్ఞాపకాలకి అది కావాలనీ చదివాను. నిజమేనా? ప్రొటీన్లని కత్తిరించే ఎంజైమే కదా, మరి పన్ను పీకించుకున్నప్పుడు వాపుకి ఇచ్చే ఎంజైమ్ మాత్రలు మా ఇంటర్ అబ్బాయికి వేస్తే చదువుకి పనికొస్తాయా?
- ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: ముందు మాత్రల సంగతి తేల్చేద్దాం. వేయకండి. ఎంజైమ్ కూడా ప్రొటీనే, చాలావరకు కడుపులోనే అరిగిపోతుంది. కొంచెం రక్తంలోకి చేరినా దాన్ని పట్టి ఆపేసే ప్రొటీన్లు అక్కడ కాపలా ఉంటాయి, ఆపైన రక్తం నుంచి మెదడులోకి అంత పెద్ద అణువుని పోనివ్వని గోడ ఒకటుంది.

ఇక మీరు చదివింది నిజమే. రెండు నాడీకణాలు కబుర్లు చెప్పుకునే చోటుని సినాప్స్ అంటాం. గట్టిగా, వెంటవెంటనే కరెంటు ఇస్తే ఆ చోటు బలపడి గంటల తరబడి అలాగే ఉంటుందని బ్లిస్, లోమో అనే శాస్త్రవేత్తలు 1973లో కుందేళ్లలో చూపించారు. జ్ఞాపకం నిలవడానికి ఇలా బలపడటమే ఆధారమని అనుకుంటారు. కానీ ఆ చోటు చుట్టూ ప్రొటీన్ల వల బిగుతుగా అల్లుకుని ఉంటుంది. మొక్కకి కట్టిన తాడు వదులు చేయకపోతే కాండం ఎలా లావెక్కుతుంది? ఆ తాడు కోసే కత్తెరల్లాంటి ఎంజైముల్లో ఎమ్ఎమ్‌పీ-9 ఒకటి. ఇది మొద్దుబారిన రూపంలోనే బయటికొస్తుంది, అవసరమైనప్పుడే పదునెక్కుతుంది, దాన్ని అదుపు చేసే ప్రొటీన్లూ పక్కనే ఉంటాయి.

టీపీఏ పని ఇంకా తమాషాగా ఉంటుంది. అది గడ్డని తాను కోయదు, ప్లాస్మినోజెన్ అనే ప్రొటీన్‌ని కోసి ప్లాస్మిన్‌గా మారుస్తుంది, గడ్డలోని ఫైబ్రిన్ పోగుల్ని కోసేది ఆ ప్లాస్మిన్. మెదడులోనూ ఇదే జంట, కాకపోతే అక్కడ కోసేది బీడీఎన్ఎఫ్ అనే ప్రొటీన్ ముడి రూపాన్ని. నాకు భలే నచ్చే విషయం ఇక్కడే ఉంది: కోయని బీడీఎన్ఎఫ్ సినాప్స్‌ని బలహీనపరిచే వైపు లాగుతుంది, కోశాక అదే ప్రొటీన్ బలపరుస్తుంది! టీపీఏ గానీ ప్లాస్మినోజెన్ గానీ లేకుండా పుట్టించిన ఎలుకల్లో, ఎక్కువసేపు నిలవాల్సిన ఆ బలం నిలవలేదని, కోసిన బీడీఎన్ఎఫ్ అందిస్తే మళ్లీ నిలిచిందని 2004లో తేలింది. మనుషుల్లోనూ ఒక ఉదాహరణ ఉంది. న్యూరోట్రిప్సిన్ అనే మరో కత్తెర జన్యువు చెడిపోయిన ఒక అల్జీరియా కుటుంబంలో పిల్లలకి బుద్ధిమాంద్యం వచ్చిందని 2002లో గుర్తించారు.

అలాగని కత్తెర ఎక్కువైతే మంచిదనుకోకండి. పక్షవాతం వచ్చాక ఎమ్ఎమ్‌పీ-9 మితిమీరి పెరిగి, ఇందాక చెప్పిన ఆ రక్తం-మెదడు గోడనే కోసేస్తుంది, అప్పుడు రక్తం లోపలికి కారే ప్రమాదం ఉంది. టీపీఏ ఇంజెక్షన్‌కి మామూలుగా నాలుగున్నర గంటల గడువు పెట్టడానికి ఈ రక్తస్రావం భయం ఒక ముఖ్య కారణం. మీరు గంటన్నరలోనే చేర్చారు కాబట్టి, ఆ ఇంజెక్షన్ ఇచ్చే వీలు డాక్టర్లకి దొరికింది.