మగ పిల్లి మూత్రం పోయలేకపోతుంటే తెల్లారేదాకా ఆగొద్దు

ప్రశ్న: మా పిల్లి మగది, మూడేళ్లుంటాయి. నిన్న సాయంత్రం నుంచి మాటిమాటికీ లిట్టర్ బాక్స్‌లోకి (దాని మలమూత్రాలకు పెట్టిన ఇసుక పెట్టె) వెళ్లి ముక్కుతోంది, అరుస్తోంది, ఏమీ రావట్లేదు. తిండి ముట్టట్లేదు. మలబద్ధకమేమో, ఆముదం పట్టిద్దామని అమ్మ అంటోంది. నొప్పికి పారాసిటమాల్ సగం బిళ్ల వేయొచ్చా? టెన్షన్‌తో రాత్రంతా నిద్ర లేదు. - ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మీ మెసేజ్ చూడగానే పిల్లిని వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లమని మీకు ఫోన్ చేయించాను. ఎందుకంత కంగారు పెట్టానో ఇప్పుడు చెబుతాను, మగ పిల్లి ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇది తెలిసి ఉండాలి.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇది మలబద్ధకం కంటే మూత్రం అడ్డుపడడమే అయ్యే అవకాశం ఎక్కువ. రెండింటికీ పిల్లి కూర్చునే తీరు ఒకేలా ఉంటుంది కాబట్టి మీ అమ్మగారు అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. మగ పిల్లికి మూత్రనాళం చివర చాలా సన్నగా ఉంటుంది, మూత్రంలో తయారయ్యే ఇసుకలాంటి స్ఫటికాలు, జిగురు కలిసి అక్కడ బిరడాలా బిగుసుకుపోతాయి, ఒక్కోసారి ఏ రాయీ లేకుండా వాపుతోనే దారి మూసుకుపోతుంది. మూత్రం బయటికి పోకపోతే ఆ ఒత్తిడి కిడ్నీల మీద పడుతుంది, రక్తంలో పొటాషియం పెరిగిపోయి గుండె కొట్టుకోవడం నెమ్మదిస్తుంది. పూర్తిగా అడ్డుపడిందంటే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. వాంతులు, ఒళ్లు చల్లబడడం, లేవలేక పడి ఉండడం కనిపించాయంటే ఇక గంటల వ్యవహారమే.

పారాసిటమాల్ సగం కాదు, చిన్న ముక్క కూడా వేయొద్దు. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. రక్తం ఆక్సిజన్‌ను మోయలేకపోతుంది, చిగుళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి, ఒక్క బిళ్లతో చనిపోయే పిల్లులున్నాయి. ఇంట్లో ఉన్న మిగతా నొప్పి మాత్రలూ అంతే. ఆముదమూ వద్దు. మన ఇళ్లల్లో మూత్రం మంట అనగానే కొబ్బరినీళ్లు, బార్లీ నీళ్లు తాగిస్తారు కదా, అదీ ఇప్పుడు పనికిరాదు, పోయే దారి లేనప్పుడు సిరంజితో నీళ్లు పట్టిస్తే మూత్రసంచి ఇంకా ఉబ్బుతుంది, పైగా కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. పొట్ట కింద గట్టిగా గుండ్రంగా చేతికి తగిలితే అది నిండిపోయిన మూత్రాశయం, దాన్ని నొక్కితే లోపలే పగిలిపోవచ్చు.

నొప్పిలో ఉన్న పిల్లి సొంత మనిషినైనా కరుస్తుంది. తువ్వాలు చుట్టి బుట్టలో పెట్టి, పైన గుడ్డ కప్పి ఆటోలో తీసుకెళ్లండి. కరిస్తే గాయాన్ని 15 నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీళ్లతో కడిగి రేబిస్ టీకా గురించి వెంటనే డాక్టర్‌ని కలవండి. మీకు దగ్గర్లోనే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, అటు తిరుపతిలో, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో కూడా పశువైద్య కళాశాలలున్నాయి. ఎక్కడికి వెళ్లినా ముందు ఫోన్ చేసి "మగ పిల్లి, మూత్రం ఆగిపోయింది, గొట్టం వేయగలరా" అని అడగండి, వేళకాని వేళల్లో అన్నిచోట్లా ఆ ఏర్పాటు ఉండదు.

అక్కడ మత్తిచ్చి సన్నని గొట్టంతో అడ్డు తీస్తారు, సెలైన్ పెడతారు, రక్తంలో పొటాషియం, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ చూస్తారు. గొట్టం ఒకటి నుంచి మూడు రోజులు ఉంచాల్సి రావచ్చు, కాబట్టి ఆసుపత్రిలో వదలాల్సి వస్తే భయపడకండి. అంతా కలిపి ఎంతవుతుందో మొదటే అడిగేయండి, అందులో మొహమాటం అక్కర్లేదు.

ఇంటికొచ్చాక అసలు జాగ్రత్త మొదలవుతుంది, ఎందుకంటే మొదటి కొన్ని వారాల్లో మళ్లీ అడ్డుపడడం మామూలే. పొడి గింజల తిండి ఒక్కటే పెట్టకుండా తడి తిండి అలవాటు చేయండి, నీళ్ల గిన్నెలు రెండు మూడు చోట్ల పెట్టండి. ఇంటికి కొత్తవాళ్లు రావడం, ఇల్లు మారడం లాంటి బెదురు కూడా దీన్ని తిరగబెడుతుంది. లిట్టర్‌ను రోజూ మీరే తీయండి, తడి ముద్దలు ఎన్ని, ఎంత సైజులో ఉన్నాయో చూసుకోండి. పదేపదే ఇలాగే అవుతుంటే దారి వెడల్పు చేసే ఆపరేషన్ ఉంది, అది అవసరమా కాదా అన్నది మీ డాక్టర్ పిల్లిని చూసి చెబుతారు.