కారు వెనక అక్షరాలు ఎవరు పెడతారు?

ప్రశ్న: మావాడు ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. పెనుకొండ దగ్గర కియా ప్లాంటు వచ్చినప్పటి నుంచి కార్ల పిచ్చి పట్టుకుంది. బెంజ్, బీఎండబ్ల్యూ మోడళ్లకు పేర్లు పెట్టే ఉద్యోగమే చేస్తానంటున్నాడు. అలాంటిది ఉంటుందా? బీటెక్ మెకానికల్‌లో చేర్చమంటారా?
– ఒక తండ్రి, అనంతపురం

జవాబు: ఆ పని ఉంది. కానీ ‘పేర్లు పెట్టేవారు కావలెను’ అని ప్రకటన రాదు. ప్రోడక్ట్ ప్లానింగ్, బ్రాండ్ మార్కెటింగ్, ట్రేడ్‌మార్క్ లాయర్లు, ఈ మూడు బల్లల మధ్య నలిగి పేరు బయటికొస్తుంది. పెనుకొండలో దొరికేవి తయారీ, క్వాలిటీ ఉద్యోగాలు. పేర్లు అక్కడ పుట్టవు. కాబట్టి మెకానికల్ దీనికి చుట్టుదారే.

లగ్జరీ కార్లకు అక్షరాలు, అంకెలు పెట్టేది మెట్టు తెలియడానికి. బీఎండబ్ల్యూలో 3 కంటే 5, 5 కంటే 7 పెద్దది. ముందు ఎక్స్ ఉంటే ఎస్‌యూవీ. మెర్సిడెస్ 2015 నుంచి ఎస్‌యూవీలకు ముందు జీఎల్ తగిలించి, చివరి అక్షరం కార్ల క్లాసు నుంచి తెచ్చుకుంది. సి-క్లాస్ స్థాయిది జీఎల్‌సీ, ఇ-క్లాస్ స్థాయిది జీఎల్‌ఈ. పాత ఎంఎల్ అలాగే జీఎల్‌ఈ అయింది.

ఈ లెక్కను కదిపితే చిక్కే. ఎలక్ట్రిక్‌కు సరిసంఖ్య, పెట్రోల్, డీజిల్‌కు బేసిసంఖ్య అని ఆడి కొత్త పద్ధతి తెచ్చింది. పెట్రోల్ ఏ4 స్థానంలోకి ఏ5 వచ్చింది. అంకె అంటే సైజు అని జనం బుర్రలో నాటుకున్నాక, అదే అంకెకు ఇంజన్ అర్థం అంటిస్తే అంటుతుందా? 2025 ఫిబ్రవరిలో ఆ పద్ధతిని మానుకుంది.

అసలు కష్టం చట్టంతోనే. నడుమ సున్నా ఉన్న మూడంకెల పేర్లు మావని ఫ్రెంచి కార్ల కంపెనీ ప్యూజో అడ్డుపడితే, 1964లో పోర్షె 901 కాస్తా 911 అయింది. మన దగ్గర 2024లో మహీంద్రా ఎలక్ట్రిక్ కారు బీఈ 6ఈ మీద, ‘6ఈ’ మా విమానాల కోడ్ అంటూ ఇండిగో ఢిల్లీ హైకోర్టుకెళ్లింది. ట్రేడ్‌మార్క్‌లను సరుకును, సేవను బట్టి క్లాసులుగా నమోదు చేస్తారు: వాహనాలు క్లాస్ 12, విమానయానం క్లాస్ 39. క్లాసులు వేరైనా తగాదా తప్పలేదు. కోర్టులో పోరాడతామంటూనే మహీంద్రా కారు పేరును బీఈ 6గా మార్చింది. ఇక భాష గొడవ సరేసరి: ఆడి వారి ‘ఈ-ట్రాన్’ను ఫ్రెంచివాళ్లు చదివితే పెంట అని వినిపిస్తుంది!

అందుకే నా ఓటు లాకే. ఎంపీసీ అడ్డు కాదు. జాతీయ లా ప్రవేశ పరీక్ష క్లాట్ రాస్తే విశాఖ దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీలో ఐదేళ్ల కోర్సు ఉంది. రాష్ట్రంలోని మిగతా కాలేజీలకు రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఏపీ లాసెట్. లేదా ఏదైనా డిగ్రీ చేసి, క్యాట్‌తో మార్కెటింగ్ ఎంబీఏ.

చేర్చే ముందు ఓ చిన్న పరీక్ష పెట్టండి. మూడు సైజుల కార్లకు వరస కుదిరేలా పది పేర్లు రాయమనండి. ట్రేడ్‌మార్క్‌లు నమోదు చేసే ప్రభుత్వ కార్యాలయం ఐపీ ఇండియా వెబ్‌సైటులో ట్రేడ్‌మార్క్ పబ్లిక్ సెర్చ్ తెరిచి, క్లాస్ 12 ఇచ్చి, మొదట ‘వర్డ్‌మార్క్’, తర్వాత ‘ఫొనెటిక్’ (పలికే తీరును బట్టి వెతికేది) పెట్టి ఒక్కొక్కటీ వెతకమనండి. స్పెల్లింగ్ మార్చి తప్పించుకున్నామనుకున్నవి రెండో దాంట్లో దొరికిపోతాయి. అలా పేర్లు రాలుతుంటే ఎందుకు రాలాయో తవ్వుతూ కూర్చుంటే లా చదివించండి. ఏ సైజుకు ఏ అంకె అన్న దగ్గరే మీతో వాదన పెట్టుకుంటే మార్కెటింగ్.